డ్యూటీలో నీటుగా ఉండటం: ఏది పేషెంటు కోసం, ఏది చూసేవాళ్ల కోసం?

రాత్రిడ్యూటీ:

అందరికీ నమస్కారం. స్టాఫ్ నర్సుగా చేరి నాలుగు నెలలవుతోంది. మెడికల్ వార్డు. నేను రాస్తున్నది సందేహమో ఏడుపో నాకే తెలియట్లేదు, చదివి మీరే చెప్పండి.

మొన్న వరసగా నాలుగో నైట్. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక పెద్దాయన వాంతి చేసుకున్నారు, సగం బేసిన్‌లో, సగం నా మీద. యూనిఫాం మార్చుకున్నాను గానీ జుట్టు మళ్లీ కట్టుకునే వ్యవధి దొరకలేదు. ఐదింటి నుంచి బ్లడ్ శాంపిళ్లు, ఆ తర్వాత షుగర్లు, ఒకరికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) ఊడిపోయింది, ఇంకొకరి యూరిన్ బ్యాగ్ నిండిపోయింది. హ్యాండోవర్‌కి, అంటే డ్యూటీ అప్పగించే వేళకి, ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చారు. బెడ్ పక్కనే, పేషెంటు కొడుకు వింటుండగానే, "ఏంటమ్మా ఈ అవతారం? జుట్టు చూసుకున్నావా? మొహాన కళే లేదు. నీటుగా ఉండటం ఎప్పుడు నేర్చుకుంటావ్?" అన్నారు. తర్వాత నా చేతుల వైపు చూశారు. లేత గులాబీ పాలిష్, చివర్లలో పెచ్చులూడి ఉంది. "ఇదొకటి మళ్లీ" అని ముందుకెళ్లిపోయారు.

డ్రెస్సింగ్ రూంలో తలుపేసుకుని ఏడ్చాను. దాచడమెందుకు.

సరే, నా తప్పే అనుకుందాం. మా వార్డులోనే ఇంకో సిస్టర్ ఉన్నారు. ఇస్త్రీ మడత నలగదు, లిప్‌స్టిక్ చెదరదు, ఆవిడ వస్తున్నారని సెంటు వాసన ముందే చెప్పేస్తుంది. "స్టాఫ్ అంటే ఇలా ఉండాలి" అని ఆవిడని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆవిడ చేతికి మూడు ఉంగరాలు, ఒక బ్రేస్‌లెట్. వాటి మీదే గ్లోవ్స్ తొడుక్కోవడం నా కళ్లతో చూశాను.

అందుకే అడుగుతున్నా. నీటుగా ఉండటమంటే అసలేంటి? పాలిష్ నిజంగా ఇన్‌ఫెక్షన్‌కి సంబంధించిన విషయమా, లేక క్రమశిక్షణ పేరుతో చెప్పే మాటా? నా వేలికి మా నాయనమ్మ ఇచ్చిన ఉంగరం ఉంది, చిన్న రాయి పొదిగింది. అది కూడా తీసేయాలా? పన్నెండు గంటలు పరిగెత్తాక కూడా మీరంతా ఎలా సర్దుగా కనిపిస్తారు? ఆ కిటుకేదో చెప్పండి.

ఐసీయూ అక్క:

చెల్లీ, ముందు ఒక మాట. పేషెంటు ముందు నిన్ను అలా అనడం తప్పు. పాలిష్ గురించి అనడం తప్పు కాదు. ఈ రెంటినీ కలిపేసుకుని బాధపడుతున్నావు, విడదీసి చూడు.

నేను ఐసీయూలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. చేరిన కొత్తలో నాకూ గోళ్లంటే పిచ్చి. పాలిష్ వేసేదాన్ని కాదు గానీ పొడుగ్గా పెంచి, అంచులు గుండ్రంగా రుద్దుకునేదాన్ని. ఒకరోజు ఓ పెద్దావిడని పక్కకి తిప్పుతున్నాం. చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్న మనిషి, చర్మం ఉల్లిపొరలా ఉంది. నా గోరు తగిలి ముంజేతి మీద చర్మం రెండంగుళాల మేర లేచిపోయింది. గ్లోవ్స్ ఉన్నాయి, అయినా ఆగలేదు. గ్లోవ్ వేలి చివర చిరిగి గోరు బయటికొచ్చిందని తర్వాత చూసుకున్నాను. ఆవిడ అరవలేదు. "ఫర్లేదమ్మా, ఈ తోలింతే" అంది. ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. రోజూ డ్రెస్సింగ్ నేనే చేశాను, ఎవరూ చెప్పకపోయినా. ఆ రాత్రే గోళ్లు కత్తిరించాను, మళ్లీ పెంచలేదు.

ఇక పాలిష్ సంగతి. మన చేతుల మీదుండే క్రిముల్లో ఎక్కువ భాగం గోళ్ల కిందే దాక్కుంటాయి. ఎంత కడిగినా త్వరగా పోని చోటు అది. గోరు పొడుగైతే వాటికి నీడ ఎక్కువ. తాజాగా వేసిన పాలిష్ వల్ల క్రిములు పెరుగుతాయని చెప్పలేం. పెచ్చులూడిందంటే మాత్రం ఆ పగుళ్లలో అవి నిలవుంటాయి. డ్యూటీలో రోజుకి ఎన్నిసార్లు చేతులు కడుగుతాం, ఎన్నిసార్లు హ్యాండ్ రబ్ (చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) వాడతాం? నీ పాలిష్ రెండో రోజుకే పెచ్చులూడకుండా ఉంటుందా? అందుకే వద్దంటారు. పైగా రంగు కింద మురికి నీకు కనపడదు. గోరు ఖాళీగా ఉంటే కనిపిస్తుంది, కడుగుతావు.

అతికించిన గోళ్లయితే ఇక ఆలోచించాల్సిన పనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత సూచనల్లో, పేషెంటుని ముట్టుకునేవాళ్లకి అవి కూడదని, సొంత గోరు కొన అర సెంటీమీటరు దాటొద్దని ఉంది. అమెరికాలో ఓక్లహోమాలో పసిపిల్లల ఐసీయూ ఒకదాంట్లో 1997, 98ల్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పాకింది. పిల్లలు చనిపోయారు. ఎక్కణ్నించి వస్తోందని వెతుక్కుంటూ పోతే ఇద్దరు నర్సుల చేతుల దగ్గర తేలింది. ఒకరివి పొడుగ్గా పెంచిన సొంత గోళ్లు, ఇంకొకరివి అతికించినవి. గోళ్లే కారణమని వాళ్లు ఒట్టేసి చెప్పలేదు, పాత్ర ఉండొచ్చన్నారు. నాకు ఆమాత్రం చాలు. ఆ ఇద్దరూ ఇంటికెళ్లి ఎలా నిద్రపోయుంటారా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉంగరం కింద చర్మం మీద పక్క చర్మం కంటే క్రిములు ఎక్కువుంటాయి. సబ్బు అక్కడికి చేరదు, తడి మాత్రం చేరి ఆరకుండా ఉండిపోతుంది. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో 2008 నుంచి మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న పద్ధతి నడుస్తోంది. పొడుగు చేతుల చొక్కాలొద్దు, వాచీ వద్దు, గాజులొద్దు. రాయి లేని సాదా ఉంగరం ఒక్కటి చాలాచోట్ల ఒప్పుకుంటారు. నీది రాయి ఉన్నది కాబట్టి తీసేయాల్సిందే. రాయి గ్లోవ్‌ని చింపుతుంది, స్పాంజ్ బాత్ ఇచ్చేటప్పుడు గీరుతుంది. గొలుసులో వేసి మెడలో, యూనిఫాం లోపల ఉంచుకో. గొలుసు మాత్రం వంగినప్పుడు బయటికి వేలాడకూడదు. మతి స్థిమితం తప్పిన పేషెంటు దాన్ని పట్టుకుని లాగితే ఏమవుతుందో ఒకసారి చూశాను, చాలు. లోలాకుల సంగతీ అంతే.

మరి వాచీ లేకుండా పల్స్ ఎలా చూడాలంటావా? ఛాతీ మీద పిన్నుతో తగిలించుకునే గడియారం దొరుకుతుంది, మనం తల వంచితే సరిగ్గా కనిపించేలా తలకిందులుగా వేలాడుతుంది. పాతకాలం సరుకని నవ్వకు, పాతవాళ్లకి తెలివి ఉంది.

జుట్టు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. అందంగా ఉందా లేదా అన్నది కాదు అక్కడ ప్రశ్న. మొహం మీద పడే ఒక్క పాయ చాలు. డ్రెస్సింగ్ మధ్యలో తెలియకుండానే చెయ్యి పైకెళ్తుంది, వెనక్కి తోస్తావు, అదే చేత్తో మళ్లీ గాజుగుడ్డ పట్టుకుంటావు. నువ్వు చేసినట్టు నీకే గుర్తుండదు. నన్నడిగితే జుట్టు బిగించి కట్టుకునేది చేతులు తలమీదికి వెళ్లకుండా ఉండటానికే. కొప్పు మీద నెట్ వేసి నాలుగు పిన్నులు గుచ్చితే పన్నెండు గంటలూ కదలదు. వాంతి పడినా సరే.

కిటుకు అడిగావు. లాకర్‌లో ఒక సంచీ పెట్టుకో. అందులో ఒక జత యూనిఫాం, లోపలి బట్టలు, మేజోళ్లు, పిన్నులు, నెట్, టూత్‌బ్రష్, వాసన లేని డియోడరెంట్, గోళ్ల కత్తెర. నైట్‌లో మూడు, నాలుగింటి మధ్య కాస్త ఖాళీ దొరుకుతుందే, అప్పుడు ఐదు నిమిషాలు మొహం కడుక్కుని, పళ్లు తోముకుని, జుట్టు విప్పి మళ్లీ కట్టు. హ్యాండోవర్ టైముకి కొత్త మనిషిలా కనిపిస్తావు. కొత్త మనిషివి కాకపోయినా.

మొహాన కళ లేదన్న మాట మాత్రం చెవిన పెట్టకు. నాలుగో నైట్ చేసిన మొహం అలాగే ఉంటుంది.

మగనర్సు:

అక్క అంతా చెప్పేశారు, నేను మగవాళ్ల వాటా కలుపుతాను. మమ్మల్ని నీటుగా ఉన్నావా అని ఎవరూ అడగరు, అదో అన్యాయం. గడ్డం ఎంత పెరిగినా స్టైల్ అంటారు. కానీ ఎన్-95 వేసుకునే వార్డులో గడ్డముంటే ఆ మాస్కు ఉన్నా లేనట్టే. మాస్కు అంచు చర్మానికి అతుక్కునే చోట వెంట్రుకలుంటే గాలి పక్కనుంచి వచ్చేస్తుంది. టీబీ వార్డులో పోస్టింగ్ పడ్డ రోజు నుంచి నేను రోజూ నున్నగా గీసుకుంటున్నా. మీసం పర్లేదు, మాస్కు లోపలే ఉంటుంది.

చెమట వాసన. దీని గురించి మనవాళ్లు నోరు విప్పరు. ఒక సీనియర్ నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, పేషెంటుని లేపి కూర్చోబెట్టేటప్పుడు వాళ్ల ముక్కు ఎక్కడుంటుందో తెలుసా? నీ చంక దగ్గర" అన్నాడు. అంతే అన్నాడు. చచ్చేంత సిగ్గేసింది గానీ ఆ రోజు నుంచి సగం డ్యూటీలో టీషర్టు మార్చుకోవడం అలవాటైంది. చెప్పే పద్ధతంటే అది, మీ ఇన్‌ఛార్జ్‌కి చూపించండి.

యూనిఫాం మరకల్లో నాకు డాక్టరేట్ ఇవ్వొచ్చు. రక్తం పడితే చన్నీళ్లే. వేణ్నీళ్లు పోశారో, మరక బట్టలో ఉడికిపోయి కూర్చుంటుంది. బాల్‌పెన్ సిరాకి స్పిరిట్ దూది. బెటడిన్ మరకకి విటమిన్ సి బిళ్ల నీళ్లలో కరిగించి పోయండి, గోధుమ రంగు కళ్లముందే మాయమవుతుంది. మొదటిసారి చూసి ఇంట్లోవాళ్లందర్నీ పిలిచి చూపించాను. యూనిఫాం మిగతా బట్టలతో కలపకుండా, బట్ట తట్టుకోగలిగితే అరవై డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలైనా ఉతకండి. క్రిములు దాదాపు పోతాయి.

బూట్లు కూడా. ముందు భాగం మూసి ఉన్నవి, తుడిస్తే శుభ్రమయ్యేవి, జారనివి. చేతిలోంచి జారిన సూది నేరుగా కిందికే వస్తుంది కదా.

పదమూడో బెడ్ కూతురు:

నేను నర్సుని కాదు. మా అమ్మకి కీమో ఇచ్చిన ఐదు నెలలూ పక్కన కుర్చీలో కూర్చున్నదాన్ని. మీ మాటల మధ్యలో దూరొచ్చో లేదో తెలియదు.

అక్కడ ఒక సిస్టర్ ఉండేవారు. అంత మంచి మనిషిని నేను చూడలేదు. సూది గుచ్చినా నొప్పి తెలిసేది కాదు. అయినా ఆవిడ రాగానే అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. ఆవిడకి మనసు నొచ్చుకుంది. "అమ్మకి నా మీద కోపమా?" అని ఒకరోజు నన్ను బయటికి పిలిచి అడిగారు. నేను అమ్మనడిగితే, "ఆ సెంటు కడుపులో తిప్పేస్తోందే, ఆ పిల్లకి చెప్తే బాధపడుతుంది" అంది. వారం రోజులు ఓర్చుకుంది, చెప్పకుండా. నేను చెప్పాను. మర్నాటి నుంచి ఆవిడ దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అమ్మ ఇటు తిరిగి పడుకుంది.

కాబట్టి మీ వార్డులో ఆ సెంటు సిస్టర్‌కి ఎవరైనా చెప్పండి. ఆస్తమా ఉన్నవాళ్లు కూడా ఉంటారు కదా.

ఇంకో మాట. అడిగిన అమ్మాయికి. పేషెంటు పక్కన కూర్చున్నవాళ్లు ఏం చూస్తారో తెలుసా? మీ జుట్టు నేనెప్పుడూ చూడలేదు. చేతులు చూసేదాన్ని. ముందు బెడ్ దగ్గర్నుంచి వచ్చి, చేతులు రుద్దుకోకుండా అమ్మకి మందెక్కే లైన్ ముట్టుకుంటారేమో అని ప్రతిసారీ గుండె పట్టుకుని చూసేదాన్ని. అడగడానికి నోరు రాదు. రుద్దుకుంటూ వచ్చేవాళ్లని చూస్తే ఆ రోజుకి నిద్ర పట్టేది.

తెల్లకోటు కాదు:

మూడు ఉంగరాల సిస్టర్ మా వార్డులోనూ ఉన్నారు. ప్రతి వార్డుకీ ఒకరిని కేటాయిస్తారనుకుంటా.

సూపర్‌వైజర్ సీట్లోంచి:

తిట్టుకోకండి, నేనూ ఇన్‌ఛార్జ్‌నే. అవతలి వైపు కూడా కాస్త వినండి.

అలా అందరి ముందూ అనడం నేను సమర్థించను. కానీ "నీటుగా రా" అని ఎందుకంటామో చెప్తాను. నలిగిన బట్టలతో, వేలాడే బ్యాడ్జీతో వచ్చిన అమ్మాయి ఎంత బాగా పనిచేసినా, పేషెంటు తాలూకు వాళ్లు "నర్సుని పిలవండి" అని ఆ అమ్మాయినే అడుగుతారు. వాళ్లకి భయం, కొత్త చోటు. ఎవరిని నమ్మాలో తెలియక ముందు బట్టలు చూస్తారు. పేరు, హోదా కనిపించేలా బ్యాడ్జీ పెట్టుకోమని రోజూ చెప్పేది అందుకే. మెడలో వేలాడేసుకుంటే వంగినప్పుడల్లా పేషెంటు గాయం మీద ఊగుతుంది, క్లిప్పుతో జేబుకి పెట్టుకోండి.

పై నుంచి రౌండ్స్‌కి వచ్చేవాళ్లు చూసేది కూడా అదే. మా వార్డులో చేతుల శుభ్రత ఎంతమంది పాటించారని నన్ను అడిగినవాళ్ల కంటే, స్టాఫ్ జుట్టు ఎందుకు అలా ఉందని అడిగినవాళ్లు ఎక్కువ. నవ్వొస్తుందో ఏడుపొస్తుందో మీరే చెప్పండి. కంటికి కనిపించేది తిట్టడం తేలిక. చేతులు కడిగారో లేదో చూడాలంటే అరగంట ఒకచోట నిలబడాలి. నేనూ చాలా ఏళ్లు తేలికదే చేశాను.

ఇప్పుడు నేను చేసేదేమిటంటే, డ్యూటీ మొదట్లో అందరం బల్ల చుట్టూ నిలబడి చేతులు ముందుకి చాపుతాం, నావి కూడా. గోళ్లు, ఉంగరాలు, కోతలు, పగుళ్లు చూసుకుంటాం. అర నిమిషం. తెగిన చోట వాటర్‌ప్రూఫ్ పట్టీ వేసుకుంటారు. నా గోళ్లు పెరిగాయని ఒక ట్రైనీ పిల్ల రెండుసార్లు పట్టుకుంది. మొహం రంగు, కళ, లిప్‌స్టిక్, వీటి జోలికి వెళ్లడం మానేశాను. లిప్‌స్టిక్ వేసుకుంటే వేసుకోనీ, పేషెంటుకి పోయేదేముంది?

శబ్దం గురించి ఎవరూ అనలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ రోజుల్లోనే పట్టు బట్టల గరగర, తాళాల గలగల, బూట్ల కిర్రు రోగికి చేటని విసుక్కున్నారు. రాత్రి రెండింటికి కారిడార్లో మీ బూట్లు ఎలా మోగుతున్నాయో ఒకసారి వినండి. జేబులో తాళాలు కూడా.

రాత్రిడ్యూటీ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. పదమూడో బెడ్ అమ్మాయికి మరీను, అమ్మగారు ఎలా ఉన్నారో రాయండి.

పాలిష్ ఆ రోజే తీసేశాను. ఉంగరం అంత తేలిగ్గా రాలేదు. సబ్బు, నూనె, ఏదీ పనిచేయలేదు, చివరికి వేలికి దారం చుట్టి తిప్పి తీశాను. కింద చర్మం తెల్లగా నానిపోయి ఉంది, ఒక రకమైన వాసన. నేను రోజుకి యాభైసార్లు కడిగానని అనుకుంటున్న చెయ్యి అది. ఇంక వాదించడానికి ఏం మిగల్లేదు.

ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడాను, టీ టైములో, ఒంటరిగా ఉన్నప్పుడు. "మేడమ్, పాలిష్ మీరన్నది నిజమే, తీసేశాను. కానీ ఈసారి ఏదైనా చెప్పాలంటే పక్కకి పిలిచి చెప్పండి" అన్నాను. గొంతు వణికింది. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "వాంతి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు" అన్నారు. సారీ చెప్పలేదు. మర్నాడు రోస్టర్‌లో నా ఐదో నైట్ తీసేసి ఉంది. అది దానికేనా, ఇంకెందుకైనా అయ్యుంటుందా, తెలియదు.

మూడు ఉంగరాల సిస్టర్‌కి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

అక్కా, ఇంకొక్క ప్రశ్న. చేతులు పగిలిపోతున్నాయి. వేళ్ల సందుల్లో ఎర్రగా అయి, హ్యాండ్ రబ్ పడగానే మంట. నాకది పడట్లేదేమో, మానేసి సబ్బుతోనే కడుక్కోనా?

ఐసీయూ అక్క:

మానకు. మంట పుట్టినంత మాత్రాన పడనట్టు కాదు. చర్మం అప్పటికే పగిలి ఉంటే ఆల్కహాల్ తగిలి మండుతుంది. ఆ పగుళ్లు చాలాసార్లు సబ్బు చేసిన పనే. రబ్‌లో చర్మాన్ని కాపాడే గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, సబ్బు అయితే చర్మంలో ఉన్న నూనెని కూడా లాగేస్తుంది. నువ్వు సబ్బుతో కడిగి, ఆ వెంటనే రబ్ కూడా రాస్తున్నావు కదూ? కొత్తలో అందరం చేస్తాం. ఏదో ఒకటే చాలు. మురికి కంటికి కనిపిస్తే, విరేచనాల పేషెంటు దగ్గర్నుంచి వస్తే సబ్బు, నలభై నుంచి అరవై సెకన్లు. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రీడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొర ఉన్న బీజాలు) ఆల్కహాల్‌కి చావవు, కడిగి వదిలించుకోవాల్సిందే. మిగతా చాలా వేళల్లో రబ్, ఇరవై నుంచి ముప్పై సెకన్లు, ఆరేదాకా.

వేణ్నీళ్లతో కడగకు. టవల్‌తో రుద్దకు, అద్దు. తడి చేతికి గ్లోవ్ తొడగకు, లోపల నానిపోతుంది, వేళ్ల సందుల్లో ఎరుపు దాని పనే అయ్యుంటుంది. క్రీము బ్రేక్‌లో ఒకసారి, డ్యూటీ అయ్యాక ఒకసారి, పడుకునే ముందు దట్టంగా. లేటెక్స్ గ్లోవ్స్ వాడుతుంటే డ్యూటీలో పెట్రోలియం జెల్లీ వద్దు, రబ్బరు పాడవుతుంది. రెండు వారాల్లో తగ్గకపోయినా, నీరు కారినా చర్మం డాక్టరుకి చూపించు. పగిలిన చర్మం మీద క్రిములు ఎక్కువ నిలుస్తాయి, అందుకని ఇన్‌ఛార్జ్‌కి కూడా చెప్పాలి, దాచకు.

వార్డులో అందరికీ కలిపి క్రీము పెట్టిస్తే మూత తీసి వేళ్లు ముంచే డబ్బా వద్దని చెప్పు. పంపు ఉన్నది తెప్పించమను.